రెండో సైకిల్

గట్టు ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగానే చీమ కుడికాలిని సీటు మీదుగా ఇవతలికి తెచ్చింది. సైకిల్ దొర్లుతూనే ఉంది. ఎడమ పెడలు మీద ఒంటికాలితో నిలబడి, ముందుకు వంగి, కింది గొట్టాన్ని కుడిచేత్తో అందుకుంది. కాలు నేలకు తగలడం, సైకిల్ భుజం మీదికి రావడం ఒక్కసారే జరిగిపోయాయి.

రాత్రి కురిసిన మంచుకు నేల పైపొర పెంకులా బిగిసింది. అడుగు పడితే పెంకు పగిలి, కింది బురద చప్పున బూటును పట్టుకుంటోంది. పొడుగు అంగలు వేస్తే జారిపోవడమే. చీమ పొట్టి అడుగులు వేసింది, లేని మెట్లను తనే చేసుకుంటున్నట్టు. పైకి రాగానే సైకిల్‌ను దించి, పరుగు ఆపకుండా ఎగిరి సీటు మీద కూర్చుంది.

వెనకాల అక్క కాలు జారి, మోకాలు కొట్టుకుని, రెండు చేతులూ నేలకు ఆనించింది. లేచి, పళ్లు బిగబట్టి ఎక్కి వచ్చింది.

గట్టు మీద నిలబడ్డ కోచ్ చేతిలో స్టాప్‌వాచీ టిక్కుమంది. అక్క పైకి వచ్చినప్పుడు. చీమ దాటినప్పుడు దాన్నుంచి ఏ చప్పుడూ రాలేదు.

"చీమా, అడ్డం రాకు. అక్కకి దారి వదులు," అన్నాడాయన. నోట్లో ఎప్పుడూ ఈల ఉండటంవల్ల ఆయన మాటలో సగం గాలే. పిల్లలు ఎదురుగా సార్ అనేవాళ్లు, వెనక ఈల సార్ అనేవాళ్లు.

తను అడ్డం రాలేదు, ముందుంది. ఆ రెంటికీ తేడా ఉందని చెప్పాలనుకుంది చీమ. ఆమె పక్కకు జరిగింది.

పాత రంపపు మిల్లు వెనక మైదానంలో చలికాలమంతా ఇదే పని. కర్రలు పాతి, రిబ్బను కట్టి దారి వేస్తారు. గడ్డిలో, ఇసుకలో, బురదలో తొక్కాలి. అడ్డంగా నిలబెట్టిన చెక్కలు వస్తే దిగి దాటాలి. గట్టు వస్తే సైకిల్‌ను మోసుకుని పరిగెత్తాలి. క్లబ్బులో అందరికంటే చిన్న ఒళ్లు ఆమెదే. తనంత సైకిల్‌ను భుజాన వేసుకుని గట్టెక్కే తీరు చూసి మామయ్య మొదటిరోజే చీమ అన్నాడు. బడి రికార్డుల్లో తప్ప ఇంకెక్కడా అసలు పేరు మిగల్లేదు.

సాధన అయ్యాక మిల్లు షెడ్డులో అందరూ బూట్లు విప్పుకుంటున్నారు. ఈల సార్ ఈలను మెడలోకి వదిలాడు. అంటే చెప్పాల్సింది ముఖ్యమైందన్నమాట.

"ఆదివారం ఆఖరి రేసు. పొద్దున నేల గట్టిగా ఉంటుంది. ఎండ ఎక్కేసరికి మొత్తం జిగురు. ప్రతి చుట్టుకూ సైకిల్ మార్చాలి. చాంపియన్, నువ్వు ఆగకు, ఆలోచించకు. మురికి సైకిల్ పడెయ్, కడిగిన సైకిల్ ఎక్కు, పో. కడగటానికి మీ మామయ్య ఉంటాడు, అందించటానికి చీమ ఉంటుంది."

చాంపియన్ అంటే అక్క. పెద్దమ్మ కూతురు. చీమకంటే ఆరునెలలే పెద్దది, కానీ రెండు వేళ్ల పొడుగు. ఈ చలికాలం మొత్తం మీద పాయింట్లలో ఆమే ముందుంది.

సైకిల్ మార్చుకోవాలంటే రెండో సైకిల్ ఉండాలి. క్లబ్బులో ఎవరికీ రెండేసి లేవు. అందుకని ఒక అలవాటు పెట్టుకున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరుంటే చిన్నదాని సైకిల్ పెద్దదానికి రెండోది. ఒక రైడర్ రేసు మొదలుపెట్టిన సైకిల్‌ను ఇంకో రైడర్ ఎక్కకూడదని నియమం. కాబట్టి అక్క తొక్కినప్పుడల్లా చీమ తొక్కదు. ప్రతి రేసుకూ ఆమె పేరిస్తారు, నంబరు గుడ్డ ఇస్తారు, గేటు దగ్గర లోపలికి వదలటానికి అది పనికొస్తుంది.

"ఇంకో మాట," అన్నాడు ఈల సార్. "చలికాలం మొత్తంలో ఒక్క రేసైనా మొదలుపెట్టనివాళ్లను వచ్చే ఏడు రైడర్ల లెక్కలోంచి తీసెయ్యమన్నారు పైవాళ్లు. మన చీమ పేరు సహాయకుల్లో వేస్తున్నా. జాకెట్ కూడా వస్తుంది. ఏం చీమా, సంతోషమేనా?"

తెల్ల హెల్మెట్ పిల్ల పకపక నవ్వింది. "చీమకి రేసెందుకు సార్, మోతే కదా దాని పని!"

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. బూటు లేసు ముడి పడితే దాన్నే చూస్తూ విప్పుకుంటోంది.

చీమ తల ఊపింది. ఊపుతున్నానని ఊపాకే తెలిసింది. తర్వాత దారి పొడుగునా మెడ నొప్పి పెట్టింది.

ఇంట్లో ముందు గది పెద్దమ్మ కుట్టు దుకాణం. వెనక గదీ, వంటగదీ, మధ్యలో ఇటుకలు పరిచిన చిన్న ఆవరణ. అమ్మ లాండ్రీలో ఇస్త్రీ పని చేసి సాయంత్రానికి వస్తుంది. వచ్చేసరికి ఆమె కొంగు నిండా ఆవిరి వాసన.

మర్నాడు సాయంత్రం చీమ వంటగదిలో గిన్నెలు సర్దుతోంది. అలమర అరల్లో అమ్మ ఆమె నంబరు గుడ్డలే పరిచింది. గట్టి గుడ్డ, తడిసినా చిరగదు, తుడిస్తే పోతుంది. ఉప్పు డబ్బా కింద ఒకటి, నూనె సీసా కింద ఒకటి, పై అరలో మిగతావి. అక్క నంబర్లు అలా వాడరు. వాటి మీద బురద మరకలుంటాయి, మూలల్లో పిన్నులు గుచ్చిన చిల్లులుంటాయి. పెద్దమ్మ వాటిని దుకాణం గోడకు వరసగా తగిలించింది. చీమ నూనె సీసా ఎత్తి ఆ గుడ్డ మూలను వేలితో తడిమింది. నున్నగా ఉంది. ఒక్క చిల్లయినా లేదు.

"జాకెట్ ఇస్తారటగా," అంది పెద్దమ్మ గుమ్మంలోంచి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని. "సార్ కబురు చేశాడు. పొట్టిదానికి పెద్దది ఇస్తే చేతులు నేను కురచ చేస్తాలే."

"మంచిదేగా," అంది అమ్మ. "పడి కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకునే గోల తప్పింది. దీనికి ఆ తోపులాటలు ఎక్కడ పడతాయి? నలుగురిలో నీళ్లు కావాలని కూడా అడగలేదు."

"అది నోరు తెరిస్తే కదా! పక్కింటి కోడి కూడా దీనికంటే ఎక్కువ మాట్లాడుతుంది."

"మా పిల్లను కోడితో పోల్చకక్కా."

"పోలిస్తే కోడికి కోపం రావాలి, నీకెందుకే?"

అక్కచెల్లెళ్లిద్దరూ నవ్వుకున్నారు. చీమ సీసాను మళ్లీ గుడ్డ మీద పెట్టింది, సరిగ్గా దాని గుండ్రటి మరక మీదే.

వెనక గదిలో అక్క మంచం మీద కూర్చుని మోకాలికి మందు రాసుకుంటోంది. నిన్న గట్టు మీద చెక్కుకుపోయిన చోటు ఇంకా పచ్చిగానే ఉంది. చీమ వచ్చి తన వైపు దుప్పటి సర్దుకుంది.

"నీకు కష్టంగా ఉందా?" అంది అక్క, మోకాలి వైపే చూస్తూ.

"దేనికి?"

"దేనికేంటి? నిన్న సార్ అన్నదానికి."

చీమకు చెప్పడానికి చాలా ఉంది. గట్టు మీద వాచీ ఎవరికి టిక్కుమంటుందో చెప్పాలి. రేసయ్యాక సీటు దించేటప్పుడు, అక్క ఒంటి వెచ్చదనం ఇంకా దాని మీద ఉంటుందని చెప్పాలి. "లేదు," అంది.

"నువ్వు ఎప్పుడూ లేదనే అంటావు." అక్క మందు మూత బిగించింది. "ఉందంటే నేనేం చెయ్యాలో ఆలోచిస్తా. లేదంటే నేనేం చెయ్యను చెప్పు?"

చీమ గోడవైపు తిరిగి పడుకుంది. అక్క దీపం ఆర్పేసింది.

శనివారం మధ్యాహ్నం మామయ్య వచ్చాడు. అమ్మకూ పెద్దమ్మకూ ఒక్కడే తమ్ముడు. బస్సుల డిపోలో మెకానిక్. చీమ సైకిల్‌ను ఆయనే కూర్చాడు. ఒకచోట చట్రం, ఇంకోచోట చక్రాలు సంపాదించి, డిపోలో మిగిలిన రంగు వేశాడు. అందుకే అది బస్సులాగే ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. బస్సుకు ఎక్కడైనా గీత పడితే మీ సైకిల్ గుద్దిందా అని డిపోవాళ్లు అడుగుతారని ఆయన జోకు. ఎన్నిసార్లు చెప్పినా తనే ముందు నవ్వేవాడు.

ఆవరణలో సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి గొలుసుకు నూనె పెట్టాడు. చక్రాల్లో గాలి తగ్గించి, బొటనవేలితో నొక్కి చూశాడు. "మెత్తగా ఉండాలి. బురదలో గట్టి చక్రం తల పొగరున్న మనిషిలాంటిది, ఎక్కడా నిలవదు." తర్వాత సైకిల్‌ను నిటారుగా తిప్పి జేబులోంచి సీటు బిగించే కీ తీశాడు.

సీటు గొట్టానికి రెండు టేపులు చుట్టి ఉన్నాయి. కింద ఎర్రది చీమ ఎత్తు. దాని పైన రెండు వేళ్ల దూరంలో తెల్లది, అక్క ఎత్తు. ప్రతి రేసుకు ముందూ సీటు తెల్ల టేపుకు ఎక్కుతుంది, అయ్యాక ఎర్ర టేపుకు దిగుతుంది. ఎక్కీ దిగీ ఆ రెంటి మధ్య గొట్టం మెరుగు పోయి, సన్నటి గీతలు పడ్డాయి.

మామయ్య మర వదులు చేసి సీటును పైకి లాగాడు.

"మామయ్యా," అంది చీమ.

"ఊఁ?"

"రేపు... అది... కిందే ఉండనిస్తే?"

మామయ్య చెయ్యి ఆగింది. ముందు గదిలో పెద్దమ్మ కుట్టు మిషన్ దడదడలాడుతోంది. అది ఆగుతుందేమోనన్నట్టు ఆయన అటే చూశాడు. ఆగలేదు.

"ఇద్దరూ నాకు రెండు కళ్లురా," అన్నాడు మెల్లిగా. "ఏ కన్ను మూసుకోమంటావ్? ఇటు తిప్పితే ఒక అక్క తంతుంది, అటు తిప్పితే ఇంకో అక్క తంతుంది. నన్ను ఇరికించకు తల్లీ."

సీటును తెల్ల టేపు దగ్గరే బిగించాడు. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. కీని జేబులో వేసుకోబోయి, ఆగి, చీమ చేతిలో పెట్టాడు.

"నా జేబుకు చిల్లు పడింది. నీ దగ్గరుంచు. పారెయ్యకు."

ఆయన చొక్కా జేబుకు చిల్లు లేదని చీమకు తెలుసు. పోయిన వారమే పెద్దమ్మ దాన్ని కొత్తగా కుట్టిచ్చింది. అరచేతిలో కీ చల్లగా ఉంది. వేళ్లు మూసుకుని, అది వెచ్చబడే దాకా అలాగే పట్టుకుంది.

ఆదివారం పొద్దున రేసు మైదానమంతా తెల్లగా ఉంది. గడ్డిపరకలు నడిస్తే కరకరలాడుతున్నాయి. అప్పటికే తూర్పువైపు వాలులో ఎండ తగిలిన చోటల్లా తెలుపు కరిగి, నేల నల్లగా బయటపడుతోంది. దారి మధ్యలో సైకిళ్లు మార్చుకునే చోటుకు తాళ్లు కట్టారు. అక్కడ మామయ్య రెండు బకెట్లూ, బ్రష్షులూ, గీకే చెక్కా పెట్టుకుని వేన్నీళ్ల డబ్బా మీద చేతులు కాచుకుంటున్నాడు.

నంబర్లిచ్చే బల్ల దగ్గర చీమకు గుడ్డా, నాలుగు పిన్నులూ ఇచ్చారు. మామూలుగా అయితే ఆమె గుడ్డను మడిచి జేబులో పెట్టుకుని పిన్నులు తిరిగిచ్చేసేది. బల్ల దగ్గరి ఆవిడ అలవాటుగా చెయ్యి చాపింది. చీమ పిన్నులు ఇవ్వలేదు. ఇవ్వకుండా నిలబడటం ఎంత పెద్ద పనో అప్పుడు తెలిసింది. ఆవిడ మొహం తేరిపార చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

షెడ్డు వెనక, ఎవరూ లేని చోట, ఆకుపచ్చ సైకిల్ గోడకు ఆనించి ఉంది. చీమ మోకాళ్ల మీద కూర్చుంది. కీ పెట్టి తిప్పింది. చలికి మర బిగుసుకుపోయింది. రెండోసారి తిప్పితే కిర్రుమంది. ఆ చప్పుడు మైదానమంతా వినిపించినట్టనిపించి చుట్టూ చూసింది. ఎవరూ రాలేదు. సీటును రెండు చేతులతో నొక్కింది. అది తెల్ల టేపు దాటి, ఆ గీతల మీదుగా జారి, ఎర్ర టేపు దగ్గర ఆగింది. బిగించింది. ఇంకొంచెం బిగించింది.

తర్వాత వీపు వెనక నంబరు పెట్టుకోబోతే ఒక్కదానికే అందలేదు. జాకెట్ విప్పి, ఒళ్లో పరుచుకుని, నాలుగు మూలలా పిన్నులు గుచ్చింది. ఒక పిన్ను వేలికి దిగింది.

సైకిల్‌ను నడిపించుకుంటూ మొదలుగీత వైపు వెళ్తుంటే ఈల సార్ వెనకనుంచి వచ్చాడు. ముందు నంబరు చూశాడు. తర్వాత సీటు చూశాడు. ఈల నోట్లోంచి జారింది.

"ఏంటిది? సీటు ఎవరు దించారు?"

చీమ పెదాలు తడుపుకుంది.

"నిన్నే అడుగుతున్నా. తెల్ల టేపు మీద ఉండాలి కదా? అక్కకి కిందైపోదూ?"

"నాకు," అంది చీమ. మళ్లీ అంది. "నాకు ఎత్తవుతుంది సార్."

"నీకెందుకు ఎత్తవుతుంది, నువ్వు..." అని ఆగాడు. అర్థమైంది. మొహం ఎర్రబడింది. "మతి ఉండే చేస్తున్నావా? అక్క పాయింట్లన్నీ ఈ ఒక్క రేసు మీద ఉన్నాయి. మధ్యలో సైకిల్ పాడైతే ఏం ఎక్కుతుంది? నీ సరదాకి దాని చలికాలమంతా నీళ్లపాలు చేస్తావా?"

ఆయన గొంతుకు నలుగురూ తిరిగి చూశారు. తెల్ల హెల్మెట్ పిల్ల పక్కపిల్లను మోచేత్తో పొడిచింది. పెద్దమ్మ తాడు అవతలి నుంచి, "ఏమైంది సార్? ఏం చేసిందది?" అంటూ వస్తోంది. వెనక అమ్మ, ముఖం పాలిపోయి, చేతులు కొంగులో చుట్టుకుని.

చీమకు చెవుల్లో హోరు. ఆ హోరులో ఒక్క పని మాత్రం స్పష్టంగా కనిపించింది. సైకిల్ వదలకూడదు. హ్యాండిల్‌ను ఎంత గట్టిగా పట్టుకుందంటే వేలికి దిగిన పిన్ను చోట మళ్లీ నెత్తురు ఊరింది.

"చాంపియన్! నువ్వైనా చెప్పు దీనికి," అన్నాడు ఈల సార్.

అక్క అప్పటికే మొదటి వరసలో తన సైకిల్ మీద ఉంది. తల తిప్పి చీమను చూసింది, సీటును చూసింది. ముఖంలో ఏమీ కనిపించలేదు. మళ్లీ ముందుకు తిరిగి హెల్మెట్ పట్టీ బిగించుకుంది.

జెండా పట్టుకున్నాయన గట్టిగా అరిచాడు, రైడర్లు కానివాళ్లంతా తాడు బయటికి పొమ్మని. ఈల సార్ బయటికి వెళ్లాల్సి వచ్చింది.

చీమ చివరి వరసలో చివరి చోట నిలబడింది.

మొదటి చుట్టులో ఆమెకు వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. మోచేతులు, గొలుసుల చప్పుడు, ముందు చక్రాలు విసిరే మంచు పెళ్లలు. మలుపులో ఎవరో తోశారు, రిబ్బనుకు తగిలి దాదాపు పడబోయింది. చెక్కల దగ్గర గుంపంతా ఇరుక్కుంది. అక్కడ దిగడం, ఎత్తడం, దాటడం, ఎక్కడం ఆమె కాళ్లకు మామూలే. ఇద్దరిని దాటింది. గట్టు దగ్గర ఇంకో ముగ్గురిని. చిన్న అడుగులు, చిన్న అడుగులు. పైకి వచ్చి ఎగిరి కూర్చుంటే, సీటు సరిగ్గా ఆమె కోసం ఉన్నచోటే ఉంది.

రెండో చుట్టుకు ఎండ ఎక్కింది. నేల తీరు మారిపోయింది. గట్టిగా ఉన్నచోటల్లా పిండి ముద్దలా మెత్తబడి చక్రాలకు చుట్టుకుంటోంది. నిరుటి ఎండుగడ్డి ఆ బురదలో కలిసి తాడులా పేనుకుని బ్రేకుల్లోకి, గొలుసులోకి పోతోంది. సైకిల్ బరువు రెండింతలైంది. తెల్ల హెల్మెట్ పిల్ల పక్కన నిలబడి చేత్తో బురద పీకుతోంది. చీమ ఆమెను దాటేటప్పుడు ఆ పిల్ల తల ఎత్తి చూసి, నవ్వలేదు.

మూడో చుట్టులో, వాలు దిగి పొడుగు గడ్డిలోకి వెళ్లేచోట, ముందు అక్క కనిపించింది. ఆమెకంటే ముందు ఇంకొక్క పిల్లే ఉంది. అక్క లేచి నిలబడి బలంగా తొక్కింది. కర్రుమని ఏదో విరిగిన చప్పుడైంది. గొలుసు వేలాడింది. గొలుసును పట్టి ఉంచే వెనక గేరు గడ్డిలో చిక్కుకుని, విరిగి, చక్రం ఊచల్లోకి దూరిపోయింది. వెనక చక్రం ఇక తిరగలేదు. అక్క ఒక్క క్షణం దాన్ని చూసి, సైకిల్‌ను భుజాన వేసుకుని పరిగెత్తసాగింది. మార్చుకునే చోటు ఇంకా సగం చుట్టు దూరంలో ఉంది. ఆమె మోకాలు మళ్లీ పగిలి కారుతోంది.

అక్కడ ఆమె కోసం ఏ సైకిలూ లేదు. ఆ సంగతి అక్కకు తెలుసు. అయినా పరిగెత్తుతోంది.

చీమ ఆమె పక్కకు వచ్చింది. తను ఏం చేస్తోందో ఆలోచించలేదు. చలికాలమంతా చేసిన పనే ఒళ్లు చేసింది. కుడికాలు ఇవతలికి వచ్చింది, నేల మీదికి దిగింది, సైకిల్‌ను అక్క వైపు తిప్పి హ్యాండిల్ చాపింది.

అక్క ఆగింది. రొప్పుతోంది. నోటి దగ్గర ఆవిరి తెరలు తెరలుగా లేస్తోంది. నియమం ఇద్దరికీ తెలుసు. ఆ నియమం కోసమే కదా చీమ ఇన్నాళ్లూ తాడు పక్కన నిలబడింది. అయినా చెట్టు చాటున, పొడుగు గడ్డిలో, అక్కడ ఎవరూ లేరు. వెనకాల ఎవరిదో గొలుసు చప్పుడు దగ్గరవుతోంది.

అక్క కళ్లు సీటు మీదికి వెళ్లాయి. అక్కణ్నుంచి ఎర్ర టేపు మీదికి.

"నాకు పొట్టవుతుంది," అంది. "ఎక్కు."

"అక్కా..."

"ఎక్కవే! వస్తున్నారు!"

చీమ ఎక్కింది. కళ్లలో బురదో, నీళ్లో, దారి కొంచెంసేపు సరిగ్గా కనపడలేదు. వెనక నుంచి వచ్చిన ఇద్దరు ఆమెను దాటిపోయారు. గట్టు దగ్గర వాళ్లలో ఒకర్ని మళ్లీ అందుకుంది. ఈల సార్ గట్టు మీదే ఉన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. వాచీ టిక్కుమందో లేదో, ఊపిరి చప్పుడులో వినిపించలేదు.

ఆఖరి చుట్టు మొదలయ్యేసరికి చక్రం కదలడం మానేసింది. బురద చట్రం సందుల్లో ఇటుకలా దిగబడింది. మోసుకుపోవాలంటే చుట్టంతా మోయాలి. ఆమె మార్చుకునే చోటులోకి తిరిగింది. మామయ్య ఒక్కడే ఉంటాడు, అక్క సైకిల్ పనిలో ఉంటాడు, తనే గీక్కోవాలి అనుకుంది.

బకెట్ పట్టుకుని నిలబడ్డది అక్క.

రేసు వదిలేసి మైదానానికి అడ్డంగా వచ్చేసింది, నంబరు విప్పలేదు. నడుం దాకా బురద. విరిగిన సైకిల్ పక్కన పడి ఉంది. తాడు అవతల పెద్దమ్మ అక్కనే చూస్తోంది. అమ్మ రెండు చేతులతో తాడు పట్టుకుంది.

"ఎత్తిపట్టు!" అని అరిచింది అక్క.

చీమ సైకిల్ ఎత్తి పట్టుకుంది. అక్క నీళ్లు కొట్టింది, సగం చీమ మొహం మీదే పడ్డాయి. చెక్కతో బురద పెకలించబోయింది. తప్పువైపు నుంచి పొడుస్తోంది, బురద ఇంకా లోపలికి పోతోంది. ఆమె ఇంతకుముందెప్పుడూ ఆ చెక్క పట్టలేదు.

"అట్లా కాదు! చక్రం వెనక్కి తిప్పుతూ లాగు!" అంది చీమ.

ఆ గొంతు అంత గట్టిగా ఎక్కడినుంచి వచ్చిందో. మామయ్య చేతిలో బ్రష్షు ఆగింది. తాడు పట్టుకున్న అమ్మ తల ఎత్తింది. అక్క మారుమాట్లాడకుండా చక్రం వెనక్కి తిప్పి లాగింది. బురద ముద్ద ఊడి పడింది.

"పో!"

చీమ పోయింది.

ఎన్నో స్థానమో బల్ల దగ్గర చెప్పేదాకా ఆమెకు తెలియలేదు. తెలిశాక కూడా ఎగిరి గంతేసేంత మంచిదేం కాదు, సిగ్గుపడేంత చెడ్డదీ కాదు. రేసు మొదలుపెట్టినవాళ్లలో ఆమె పేరుంది. పూర్తి చేసినవాళ్లలోనూ ఉంది. అక్క పేరు ఎదురుగా ఒక గీత కొట్టి ఉంది. కప్పు వేరే ఊరి క్లబ్బు పిల్లకు వెళ్లింది. ఆ పిల్ల దాన్ని ఎత్తినప్పుడు అక్క చప్పట్లు కొట్టింది. బురద చేతులు కదా, చప్పుడు రాలేదు.

పెద్దమ్మ విరిగిన సైకిల్‌ను తనే తోసుకుంటూ ముందుకు వెళ్లిపోయింది. వెనక చక్రం తిరగక ఈడ్చుకుపోతుంటే నేల మీద గీత పడింది. అమ్మ ఆమె వెనకే కొంతదూరం పోయి, వెనక్కి వచ్చి, చీమ వేలి మీది నెత్తురు కొంగుతో తుడిచింది. "అంత గట్టిగా అరవటం ఎప్పుడు నేర్చుకున్నావే?" అంది. కోపంగా అనాలనుకున్నట్టుంది, కుదరలేదు.

ఈల సార్ వచ్చాడు. అక్కను చూశాడు, చీమను చూశాడు, ఈలను నోట్లో పెట్టుకుని మళ్లీ తీశాడు. "సైకిల్ తొందరగా కడగండి," అన్నాడు. "ఎండిపోతే ఊడదు." వెళ్లిపోయాడు.

కుళాయి దగ్గర వరసలో ఎవరూ మిగల్లేదు. రేసయ్యాక ఇంటి సైకిళ్లు కడగడం కూడా చిన్నదాని పనే. చీమ వంగి నీళ్ల గొట్టం అందుకోబోతే అక్క ముందే అందుకుంది.

"నీకు రాదు," అంది చీమ.

"తెలుసు. ఇందాక చూశావుగా." అక్క ఆకుపచ్చ సైకిల్‌ను గోడకు ఆనించి కుళాయి తిప్పింది. గొట్టం చిమ్మిన నీళ్లు నేరుగా వెనక చక్రం ఇరుసు మీదికి పోయాయి.

"అయ్యో, అక్కడ కాదు. పక్కనుంచి కొడితే నీళ్లు లోపలికి పోతాయి, రాత్రికి గడ్డకట్టి బిగుసుకుపోతుంది."

"మరెలా?"

చీమ ఆమె మొహంలోకి చూసింది. అక్క ఎగతాళి చెయ్యడం లేదు. గొట్టం పట్టుకుని, బురద కాళ్లతో, నిజంగానే అడుగుతోంది.

"పైనుంచి," అంది చీమ. "ముందు సీటు. తర్వాత కిందికి రా."

అక్క నీళ్లను సీటు మీదికి తిప్పింది. బురద పాయలు పాయలుగా కారిపోయింది. ముందు తెల్ల టేపు బయటపడింది, దాని కింద గీతలు పడ్డ గొట్టం, ఆ తర్వాత ఎర్ర టేపు. అక్క నీళ్ల గొట్టాన్ని చంకలో ఇరికించుకుని వంగింది. తెల్ల టేపు అంచును గోటితో లేపడం మొదలుపెట్టింది. చలికి జిగురు బిగిసింది. ఊడిరావడం లేదు.

"ఉండు," అంది చీమ, పక్కన కూర్చుంటూ. "నీళ్లు పడనీ, నానుతుంది."